తెర మీద 124, చేతి నాడి 88: ఏది నిజం?

జిల్లా కేంద్రంలోని ఒక పెద్దాసుపత్రి. ఆడవాళ్ల వార్డు. గోడవారన మంచం మీద నలభై ఏళ్లు దాటిన వ్యవసాయ కూలీ ఒకామె పడుకుని ఉంది. వరినాట్లకు పోయినచోట ఆయాసం వచ్చి గట్టు మీదే కూలబడిపోతే కొడుకు ఆటోలో వేసుకుని తీసుకొచ్చాడు. ఛాతీ మీద తీగలు అంటించారు. తలవైపున చిన్న టీవీలాంటి తెర. దాని మీద పచ్చగీత ఎగిరెగిరి పడుతోంది. పక్కనే అంకె. ఒకసారి 118, ఇంకోసారి 131, మరోసారి 124.

నర్సమ్మ వచ్చింది. రోగి మణికట్టు పట్టుకుని, గడియారం వంక చూస్తూ నిమిషంసేపు నిలబడింది. కేసు షీటులో 88 అని రాసింది.

కొడుక్కి ఇది మింగుడుపడలేదు. “సిస్టరమ్మా, మిషను నూట ఇరవై నాలుగు చూపిస్తోంది. మీరేమో ఎనభై ఎనిమిది రాశారు. మిషను చెడిపోయిందా?” అని అడిగాడు.

“మిషను బాగానే ఉంది నాయనా. నా లెక్కా సరిగానే ఉంది. రెంటికీ ఇంత తేడా ఉందనే డాక్టరుగారికి చెప్పాలి” అని ఆమె ఇంకో నర్సును పిలవడానికి వెళ్లింది.

ఇలాంటి అనుమానం తెర ఉన్న ప్రతి వార్డులోనూ ఎవరో ఒకరికి కలుగుతూనే ఉంటుంది. మిషను మీద గురి ఉన్నవారు చేతి లెక్కను కొట్టిపారేస్తారు. మిషనంటే నమ్మకం లేనివారు తెరను కొట్టిపారేస్తారు. ఇద్దరూ పొరబడినట్టే. ఎందుకంటే తెరా, చెయ్యీ లెక్కపెట్టేది ఒకేదాన్ని కాదు.

మీటరు తిరిగినా నీళ్లు రాకపోవచ్చు

పొలంలో మోటారు ఉన్న రైతుకు ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. స్టార్టరు నొక్కితే మీటరు తిరుగుతుంది. మోటారు గుయ్యిమంటుంది. అయినా ఒక్కొక్కప్పుడు పైపులో నీళ్లు పడవు. మీటరు చెప్పేది కరెంటు సంగతి. నీళ్ల సంగతి తెలియాలంటే పైపు దగ్గరకు వెళ్లి చూడాల్సిందే.

గుండె కూడా కరెంటుతో నడిచే పంపే. గుండె పైభాగంలో పుట్టిన సన్నని విద్యుత్తు కిందికి పాకుతుంది. అది తాకగానే కండ బిగుసుకుని నెత్తుటిని బయటికి నెడుతుంది. ఆ తోపు నెత్తుటి గొట్టాల వెంట అలలా పోయి మణికట్టు దగ్గర వేలికి తగులుతుంది. అదే నాడి. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె రోజు మొత్తం మీద లక్షకు పైగా కొట్టుకుంటుంది.

ఛాతీకి అంటించిన తీగలు పట్టుకునేది ఆ విద్యుత్తును మాత్రమే. తెర మీద గీత ఎత్తుగా లేచినప్పుడల్లా మిషను దాన్ని ఒక దెబ్బగా లెక్క వేసుకుంటుంది. ఆ దెబ్బకు నెత్తురు బయటికి వచ్చిందా, చేతిదాకా చేరిందా అన్నది ఆ తీగలకు తెలియదు. అది తెలిసేది మణికట్టు మీది వేళ్లకే. మామూలు గుండెలో ప్రతి కరెంటు దెబ్బకూ ఒక నాడి దెబ్బ ఉంటుంది కనుక రెండు అంకెలూ కలుస్తాయి. కొన్ని జబ్బుల్లో కలవవు.

తొందరపడి కొట్టిన దెబ్బకు నాడి లేదు

ఊళ్లో చేతిపంపు కొట్టినవారందరికీ ఒక విషయం అనుభవమే. పిడి నిండుగా ఎత్తి దించితే చెంబు నిండుతుంది. సగం కూడా ఎత్తకుండా టకటకా కొడితే చప్పుడే తప్ప నీళ్లు రావు. గుండె సంగతీ అంతే. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కింది గదుల్లోకి నెత్తురు నిండడానికి వ్యవధి ఉండాలి. అది నిండకముందే మళ్లీ బిగుసుకుంటే బయటికి వెళ్లేది కొంచెమే. ఆ కొంచెం చేతిదాకా అలగా చేరదు. తెర మీద గీత లేస్తుంది. మణికట్టు దగ్గర మాత్రం ఏమీ తగలదు.

ఇలా ఎక్కువగా జరిగేది ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అనే జబ్బులో. గుండె పైగదులు పద్ధతిగా బిగుసుకోవడం మాని, గాలికి రావి ఆకు అల్లాడినట్టు అల్లాడుతుంటాయి. వాటిలో నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్తు దెబ్బలు పుడతాయి. పైగదులకూ కింది గదులకూ మధ్యనున్న కణుపు వాటిలో చాలావాటిని ఆపేస్తుంది. తప్పించుకుని వచ్చినవి ఒక వరసలో రావు. ఒకటి వెంటనే, ఒకటి ఆలస్యంగా వస్తుంది. మందు పడకపోతే కింది గదులు నిమిషానికి 100 నుంచి 160 సార్లు కొట్టుకుంటాయి. వాటిలో నిండకుండా కొట్టినవన్నీ నాడిలో లెక్కకు రావు.

గుండె కొట్టిన లెక్కలోంచి నాడి లెక్క తీసివేస్తే మిగిలేదాన్ని డాక్టర్లు ‘పల్స్ డెఫిసిట్’ అంటారు. నాడి లోటు అనుకోవచ్చు. ఈ తేడా నిమిషానికి పదికి మించి ఉండి, నాడి ఒక వరస లేకుండా నడుస్తుంటే ముందుగా అనుమానించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌నే.

లోటు తీయడానికీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు, ఒకే గడియారం, ఒకే నిమిషం. ఒకరు ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు లెక్కపెట్టాలి. ఇంకొకరు అదే నిమిషంలో మణికట్టు పట్టుకోవాలి. ఆ వార్డులో నర్సులిద్దరూ చేసింది అదే. గుండె 122, నాడి 88. లోటు 34. కొడుకు మిషను తప్పనుకున్న అంకెల్లోనే జబ్బు పేరు దొరికింది.

నూరేళ్ల కిందటి సంగతి

నాడి పట్టడం మనవారికి కొత్త కాదు. ఆయుర్వేదంలో శార్ఙ్గధర సంహిత నాటికే నాడీ పరీక్ష ఉంది. పల్లెల్లో ఈనాటికీ వైద్యుడి దగ్గరకు వెళ్లడమంటే ‘చెయ్యి చూపించుకోవడమే’. అయితే వరస తప్పిన నాడికి కారణం గుండెలో ఎక్కడుందో తేలడానికి గుండె విద్యుత్తును కాగితం మీదికి దించే యంత్రం రావలసి వచ్చింది. 1903లో హాలండు దేశస్థుడు విలెం ఐంథోవెన్ ఆ యంత్రాన్ని లోకానికి వివరించాడు. అందుకు ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. 1909లో లండనులో థామస్ లూయిస్ అనే డాక్టరు ఆ యంత్రం సాయంతోనే, పూర్తిగా వరస తప్పిన నాడికి కారణం పైగదుల అల్లాటమేనని చూపించాడు. యంత్రం వచ్చి చేతిని పక్కకు నెట్టలేదు. చెయ్యి చెప్పిన మాటకు అర్థం చెప్పింది.

గొంతునొప్పి నుంచి గుండెదాకా

పట్నాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువగా కనిపించేది వయసు మళ్లినవారిలో, రక్తపోటు ఉన్నవారిలో. మన పల్లెల్లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. చిన్నతనంలో ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. దానికి సరిగా మందు పడకపోతే కొందరు పిల్లల్లో రెండు మూడు వారాలకు జ్వరంతోపాటు మోకాళ్లు, చీలమండలు, మోచేతులు ఒకదాని తరువాత ఒకటి వాస్తాయి. కీళ్లవాపు తగ్గిపోతుంది. కాని గుండె కవాటాల మీద దెబ్బ మిగిలిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కవాటం గట్టిపడి దారి ఇరుకవుతుంది. వెనక ఉన్న పైగది ఒత్తిడికి సాగిపోయి అల్లాడడం మొదలుపెడుతుంది.

వార్డులోని ఆమెకు ఎకో పరీక్షలో తేలింది ఇదే. చిన్నప్పుడు మోకాళ్లు వాచి నెలరోజులు బడికి పోలేదని అడిగితే గుర్తు చేసుకుంది. దానికీ ఈనాటి ఆయాసానికీ సంబంధం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అసలు ప్రమాదం ఆయాసం ఒక్కటే కాదు. అల్లాడే గదిలో నెత్తురు సాఫీగా కదలదు. నిలవనీరు నాచు పట్టినట్టు ఆ మూల గడ్డ కడుతుంది. అది విడివడి మెదడుకు పోతే కాలూ చెయ్యీ పడిపోతాయి, మాట పోతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్నంలో 1948 నుంచి సాగుతున్న పరిశోధనలో, కవాటం జబ్బుతోపాటు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉన్నవారికి పక్షవాతం ముప్పు మిగతావారికన్నా 17 రెట్లు ఎక్కువని 1978లో వెల్లడించారు. కవాటం బాగుండి ఈ జబ్బు ఒక్కటే ఉన్నా ముప్పు అయిదు రెట్లు.

అందువల్ల నాడి లోటు కనబడినప్పుడు “మిషను తప్పు” అని ఊరుకుంటే పోయేది అంకె కాదు, మనిషి కాలూ చెయ్యీ.

అన్ని తేడాలూ జబ్బు కావు

కొన్నిసార్లు గుండె సరిగానే ఉంటుంది, అంకె తప్పుతుంది. ఛాతీకి అంటించిన బిళ్ల చెమటకు ఊడినా, రోగి చలికి వణుకుతున్నా, మంచం మీద దొర్లినా, పళ్లు తోముకుంటున్నా తెర మీద గీత పిచ్చిగీతలా ఎగురుతుంది. మిషను ఆ కదలికలను కూడా గుండె దెబ్బలుగా లెక్కవేసి గంట కొడుతుంది. అలాంటప్పుడు నాడి పట్టి చూస్తే నింపాదిగా 80 ఉంటుంది.

ఇంకొందరిలో ప్రతి దెబ్బకూ గీత రెండుసార్లు ఎత్తుగా లేస్తుంది. మిషను ఒకటికి రెండు లెక్కవేస్తుంది. నాడి 70 ఉంటే తెర 140 అంటుంది. సరిగ్గా రెట్టింపు అంకె కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. తీగలు అంటించిన చోటు మార్చినా, తెర మీద వేరే గీత ఎంచుకున్నా సరిపోతుంది.

దీనికి తిరగబడింది ఇంకోటుంది. తెర 80, నాడి 40. ఇందులో తెర లెక్క సరైనదే కావచ్చు. ఒక మంచి దెబ్బ, వెంటనే ఒక తొందర దెబ్బ చొప్పున గుండె కొట్టుకుంటుంటే రెండోది చేతికి చేరదు. రెట్టింపు కనబడిన రెండు సందర్భాల్లోనూ అంకెలను బట్టి తేల్చడానికి వీల్లేదు. గుండె చప్పుడు విని, గీత చూసి డాక్టరే తేల్చాలి.

ఒక లెక్క మాత్రం గుర్తుంచుకోవచ్చు. గుండె కొట్టని దెబ్బ చేతికి రాదు. కనుక నాడి లెక్క గుండె లెక్కకు మించడానికి వీల్లేదు. మించిందంటే తీగలు కొన్ని దెబ్బలను వదిలేస్తున్నాయి, లేదా చెయ్యి పట్టినవారి లెక్క తప్పింది.

వేలికి పెట్టే క్లిప్పు

కరోనా కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో, వేలికి పెట్టే ఆక్సీమీటరు పల్లెల్లోకి కూడా వచ్చింది. అది వేలిగుండా వెలుతురు పంపి, నెత్తుటి అల వచ్చి పోవడాన్ని కనిపెడుతుంది. అంటే అది చూపేది గుండె విద్యుత్తును కాదు, నాడినే. పెద్దాసుపత్రి తెర మీద తీగల లెక్క పక్కన ‘హెచ్.ఆర్.’ అనీ, వేలి క్లిప్పు లెక్క పక్కన ‘పి.ఆర్.’ అనీ ఉంటుంది. ఈ రెండూ చాలాసేపు ఎడంగా ఉంటే నర్సుకు చెప్పడం మంచిది.

అయితే క్లిప్పుకూ ఇబ్బందులున్నాయి. వేళ్లు చల్లబడినా, బీపీ బాగా పడిపోయినా, గోళ్లకు రంగు, వేళ్లకు గోరింటాకు దట్టంగా ఉన్నా అంకె తప్పవచ్చు. క్లిప్పు ఉన్న చేతికే బీపీ పట్టీ కట్టి గాలి కొడితే నెత్తుటి ప్రవాహం ఆగి అంకె మాయమవుతుంది. అది చూసి బంధువులు కంగారుపడడం తరచు జరిగేదే. పట్టీ వదులు కాగానే అంకె తిరిగి వస్తుంది.

ఇళ్లలో వాడే బీపీ మిషను చూపే అంకె కూడా చేతి నాడిదే. నాడి వరస తప్పినవారిలో అది ఒక్కోసారి ఒక్కో బీపీ చూపిస్తుంది. అలాంటివారికి రెండు మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి.

తెర మీద గీత, చేతిలో నాడి లేదు

అన్నిటికన్నా ప్రమాదకరమైన తేడా ఇది. కాన్పులోనో, ప్రమాదంలోనో ఒంట్లోని నెత్తురంతా పోయినప్పుడు, మరికొన్ని పెద్ద ఆపదల్లో, గుండెలో విద్యుత్తు ఇంకా నడుస్తూనే ఉంటుంది. తెర మీద గీత చక్కగా లేస్తూ 70 అనో 60 అనో చూపిస్తుంది. కాని కండలో తోపు ఉండదు, నెత్తురు కదలదు. మనిషి పోతున్నట్టే లెక్క. పేస్‌మేకరు అమర్చినవారిలోనూ ఇలా జరగవచ్చు. గుండె స్పందించకపోయినా పేస్‌మేకరు ఇచ్చే విద్యుత్తునే మిషను గుండె దెబ్బగా లెక్కపెట్టే వీలుంది.

అందుకే రోగి పలకనప్పుడు డాక్టర్లు తెర వంక చూసి ఊరుకోరు. మెడ పక్కన వేళ్లు పెట్టి పది సెకన్లకు మించకుండా నాడి చూస్తారు. లేదంటే వెంటనే రొమ్ము ఎముక మీద అరచేతులతో నొక్కడం మొదలుపెడతారు.

ఇంటి దగ్గర గాని, పొలంలో గాని ఎవరైనా పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా తీయకపోతే నాడి వెతుకుతూ కాలం గడపకూడదు. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు రొమ్ము నడిమధ్య, అయిదు నుంచి ఆరు సెంటీమీటర్లు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.

నాడి ఎలా పట్టాలి?

నాడి లెక్కపెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. రోగిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. బొటనవేలి వైపున, మణికట్టు మడతకు కాస్త పైన మూడు వేళ్లు ఆనించాలి. బొటనవేలితో పట్టకూడదు. బొటనవేలికీ సొంత నాడి ఉంటుంది కనుక రోగి నాడికి బదులు మన నాడినే లెక్కపెట్టుకుంటాం. మరీ గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది.

సెకన్ల ముల్లు ఉన్న గడియారం పెట్టుకుని నిమిషం నిండుగా లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తప్పినట్టే. నాడి వరస తప్పినవారిలో ఈ అడ్డదారి బొత్తిగా పనికిరాదు. వీలైతే రెండు చేతులూ చూడాలి. ఒక చేతి నెత్తుటి గొట్టం ఇరుకై ఉంటే ఆ చేతి నాడి నీరసంగా తగులుతుంది. పెద్దవారికి విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 దాకా మామూలే. లెక్క ఎంతన్నది ఎంత ముఖ్యమో, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందా అన్నదీ అంతే ముఖ్యం.

వరస లేని నాడి తగిలితే వెంటనే ఇ.సి.జి. తీయించుకోవాలి. అదేమీ నొప్పి పరీక్ష కాదు, అయిదు నిమిషాల పని. వరస తప్పిన నాడితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం వంటివి ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

లోటు పూడిన రోజు

వార్డులోని ఆమెకు గుండె వేగం తగ్గే మందులు, నీరు దిగే మందులు ఇచ్చారు. గుండె నింపాదిగా కొట్టుకుంటే గదులు నిండుతాయి. నిండితే ప్రతి దెబ్బా చేతికి చేరుతుంది. అందుకే మందు పనిచేస్తున్నదీ లేనిదీ నాడి లోటే చెబుతుంది. నాలుగోరోజు తెర 84 చూపింది. నర్సమ్మ మణికట్టు దగ్గర లెక్కపెట్టింది 80. వరస ఇంకా తప్పే ఉంది గాని లోటు దాదాపు పూడింది. ఆయాసం తగ్గి ఆమె దిండు మీద వెల్లకిలా పడుకోగలిగింది.

గడ్డ కట్టకుండా నెత్తుటిని పలచన చేసే బిళ్లలు కూడా రాశారు. కవాటం ఇరుకైనవారికి పాతకాలపు వార్ఫరిన్ జాతి మందే మేలని 2022లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. దాన్ని వాడేవారు ఐ.ఎన్.ఆర్. అనే నెత్తుటి పరీక్ష తరచు చేయించుకుంటూ, ఆ అంకె 2కూ 3కూ మధ్య ఉండేటట్టు చూసుకోవాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే నెత్తురు కారడం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఒంటినొప్పుల బిళ్లలు ఈ మందుతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కవాటం వెడల్పు చేయించుకోవాలా, మార్పించుకోవాలా అన్నది గుండె డాక్టర్లు చూసి చెప్పాలి.

ఇంటికి పంపేముందు నర్సమ్మ కొడుకును పిలిచి తల్లి చెయ్యి అతని చేతిలో పెట్టింది. “మీ ఊళ్లో ఈ తెర ఉండదు నాయనా. రోజూ పొద్దున మందు వేసే ముందు నిమిషంసేపు లెక్కపెట్టు. అరవైకి తగ్గినా, నూటికి మించినా మందు వేయకముందే ఫోను చేసి అడుగు. అంకె పుస్తకంలో రాసి, వచ్చేటప్పుడు తీసుకురా” అంది.

మొదటిసారి అతనికి 71 వచ్చింది. నర్సమ్మకు 78. మళ్లీ లెక్కపెట్టమంది. రెండోసారి ఇద్దరికీ కలిసింది. అతని చెల్లెలు పదో తరగతి చదువుతోందట. ఇంటికి వెళ్లాక ఆ పిల్లకూ నేర్పమనీ, వారం రోజులుగా గొంతునొప్పి అంటోంది కనుక రేపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి చూపించమనీ చెప్పి నర్సమ్మ పక్క మంచం దగ్గరకు వెళ్లింది.